ఎర్రబడిన పసుపు

గత వారం నా పసుపు కాగితం ఎర్రబడింది, మేవిస్ అక్క చెరకుపిప్పి బస్తాల మధ్య కూలబడింది. అక్కడ ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు. నేనేం చెయ్యను, ఆవిడ నోరు విప్పడానికే రెండు రోజులు పట్టింది.

ఇప్పుడే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు వసంత. తెనాలి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని. తొంభై అయిదులో డర్బన్ వచ్చి క్లెయిర్‌వుడ్‌లో బట్టలకి రంగులేసే మిల్లులో చేరాను. ఆ మిల్లు ఏళ్ళ తరబడి రంగునీళ్ళని కాలవలోకి వదిలేసి, ఆ కాలవ పక్కన చిక్కుళ్ళూ వంకాయలూ పండించుకునే మనవాళ్ళ మళ్ళన్నీ పాడుచేసింది. ఇప్పుడు కొత్త ప్రభుత్వం కన్నెర్ర చేసేసరికి నీళ్ళు కడిగే మనిషి కోసం వెతికారు. అదీ చవగ్గా కడిగే మనిషి కావాలన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నాలాంటిది అడగకూడదు, జీతం తీసుకుంటున్నాను కనక.

పద్ధతి సులువే. ఉంజింటో ఊళ్ళో చక్కెర మిల్లులో రసం పిండేశాక మిగిలిన పిప్పిని ఇనప పీపాల్లో మూతేసి కాల్చి బొగ్గు చేస్తాం. రంగునీళ్ళు ఆ బొగ్గు మీద పోస్తే రంగు బొగ్గుకి అంటుకుపోయి నీళ్ళు తేటగా కిందికి దిగుతాయి. పిప్పి తెచ్చేదీ కాల్చేదీ ఉంజింటో మనిషి మేవిస్ అక్కే. పీపా ఎప్పుడు ఆర్పాలో నేను గడియారం చూసి చెబుతాను, ఆవిడ పొగ వాసన చూసి చెబుతుంది. నా గడియారం ఇప్పటికి మూడు పీపాలు బూడిద చేసింది. ఆవిడ ముక్కు ఒక్కటీ చెయ్యలేదు.

పోయిన గురువారం మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్ ముందు మా నీళ్ళు నీలంగానే దిగాయి. కారణం తెలుసుకుందామంటే పరీక్ష కాగితాలు అయిపోయాయి. మేనేజరు కీత్ వచ్చే నెల తెప్పిస్తానన్నాడు. వచ్చే నెలదాకా ఆగితే ఉద్యోగం ఆగదు. అందుకని కాలేజీ రోజుల్లో చేసినట్టే వంటింటి పసుపు నీళ్ళలో కలిపి, అద్దుడు కాగితానికి పట్టించి, ఆరబెట్టి, మిల్లు నీళ్ళలో ముంచాను. చూస్తుండగానే ఎర్రబడింది. అంటే నీళ్ళ నిండా సోడా. రంగు బట్టకి పట్టాలని మిల్లులో కలిపే సోడా అది. అది ఉన్నంతసేపూ రంగు మా బొగ్గుకి సరిగ్గా పట్టదు, ముందు దాన్ని విరవాలి. నాకు కావలసిన జవాబు దొరికింది. సంబరంగా వెనక్కి తిరిగితే మేవిస్ అక్క నేల మీద ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం పీపా పక్కన కూర్చుని ఆ కాగితం ఇమ్మంది.

"వసంతా, ఇది వంట పసుపే కదా? వేరే ఏటీ కలపలేదు?"

"ఏమీ లేదక్కా. పసుపు, మన మిల్లు నీళ్ళు. అంతే."

"ఎవరు ముంచినా ఎర్ర అవుద్ది?"

"ఎవరు ముంచినా అవుతుంది."

ఆవిడ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది. ఇరవై రెండేళ్ళు లోపల పెట్టుకున్నది మొత్తం పదిహేను వాక్యాల్లో చెప్పేసింది.

"డెబ్బై అయిదు. గంగమ్మ ప్రేయర్. చిన్న కోడలు పసుపుగుడ్డ కాలవలో ముంచి ఇస్తే అది అమ్మ కొయ్యకి కట్టేది. అది మా వాళ్ళ రూల్. నేను ముంచింది. గుడ్డ రక్తం లెక్క అయిపోయింది. నలభైమంది చూసేరు. మా అత్త లేచి, ఇది అంటుతో ముట్టుకుంది, అమ్మ కోపం చేసింది అన్నాది. సాయంత్రానికి నన్ను ఉంజింటో బస్ ఎక్కించేరు. కేలీకి రెండు సంవత్సరాలు. ఇవ్వలేదు. మూడుసార్లు వెళ్ళింది నేను, గేటు తియ్యలేదు. తర్వాత చర్చికి పోయింది. అక్కడ ఎవరూ నా చెయ్యి చూసి భయపడలేదు. అందుకే మేవిస్ అయింది నేను."

ఆ అత్త అంబీ. మేవిస్ అక్క మొగుడు ఎరాల్ అయిదేళ్ళ కిందట పోయాడు. మరిది ఎవరో కాదు, మా మేనేజరు కీత్. ఇంతకాలం ఇద్దరూ ఒకే పెరట్లో పనిచేస్తూ ఎందుకు మాట్లాడుకోరో నాకు అప్పుడు తెలిసింది. ఇక కేలీ. తల్లి అమ్మవారి గుడ్డని నెత్తురు చేసి, తనని వదిలేసి లేచిపోయిందని నమ్మి పెరిగిన పిల్ల. వచ్చే శనివారం ఆ పిల్ల పెళ్ళి. శుక్రవారం నలుగు. నలుగులో మొదటి పసుపు తల్లి పెట్టాలి. ఆ తల్లి చెయ్యి పసుపుని నెత్తురు చేసిన చెయ్యి గనక గుమ్మం తొక్కనివ్వరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మిల్లు సోడా ఒలకబోస్తే ఒక ఆడమనిషి కాపురం పోవడమా? కూతురు పోవడమా? చివరికి దేవుడు కూడా మారిపోవడమా?

"ఏం చేద్దామంటావక్కా?" అన్నాను.

"నేను ముఖం చూడాలి" అంది. "మా అత్త ముఖం. తప్పు అని తెలిసినప్పుడు ఎలా అవుద్దో చూడాలి."

వద్దని చెప్పాల్సినదాన్ని. చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, ఆ ముఖం మాడిపోతుంటే చూడాలని నాకూ ఉంది.

మేవిస్ అక్క బొగ్గు కొట్టుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, కీత్ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. కీత్ ముప్పై ఏడేళ్ళ మనిషి, సూటూ బూటూ, కొత్తగా మిల్లులో వాటా కూడా ఇస్తామని పెద్దవాళ్ళు ఆశపెట్టారు. ఆ వాటా అంతా ఇన్‌స్పెక్టర్ సంతకం మీద వేలాడుతోంది.

"పద్నాలుగు బస్తాల బొగ్గు ఉంది కీత్. గురువారం నీ ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వస్తాడు. సండే మీ అమ్మ ఇంట్లో నాకు పది నిమిషాలు కావాలి. నువ్వు కూడా ఉండాలి."

"వొదినా, దిస్ ఈజ్ బ్లాక్‌మెయిల్, యూ నో?"

"యా" అంది మేవిస్ అక్క.

అలా ఆదివారం వచ్చింది. ఆవిడ చర్చి నుంచి నేరుగా తెల్లగౌనుతో వచ్చింది. చేతిసంచిలో పసుపు పట్టించి ఆరబెట్టిన తెల్ల నూలుగుడ్డ, ఒక పెద్ద సీసా. సీసాలో నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. అవి మిల్లు నీళ్ళే. రెండు రోజులు కూర్చుని, ఐదుసార్లు కొత్త కొత్త బొగ్గు మీద పోసి, పట్టీ పట్టని రంగుని కూడా పట్టించి తీసింది. రంగు పోయింది గానీ సోడా పోలేదు. బొగ్గు దాన్ని ముట్టుకోదు.

క్లెయిర్‌వుడ్‌లో ఇప్పుడు మిగిలినవి లారీ యార్డులు, గోడౌన్లు. వాటి మధ్య మొండికేసి నిలబడ్డ రేకుల ఇల్లు అంబీ అవ్వది. లోపల వేయించిన సార్డిన్ చేపల వాసన. జూలై నెల కదా, తీరమంతా అవే. కేలీ గాజులు కొనడానికి టౌన్‌కి వెళ్ళిందట. గోడ మీద ఎరాల్ ఫొటో, దాని ముందు దీపం. బల్ల దగ్గర ముసలావిడ. డెబ్బై మూడేళ్ళు, పిడికెడు మనిషి. నేనేదో రాక్షసిని ఊహించుకుని వెళ్ళాను.

"నమస్కారం మామ్మగారూ" అన్నాను.

"ఇండియా పిల్లవా? ఏ వూరు?"

"తెనాలండీ."

"మా తాతది ఇసాపట్నం జిల్లా. కూకో." తర్వాత మేవిస్ అక్క వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్ళకి గుమ్మం ఎక్కినావు. సర్చి వోళ్ళు సెప్పులు ఇప్పరేటి?"

మేవిస్ అక్క చెప్పులు విప్పింది. ఎనామిల్ బేసిను బల్ల మీద పెట్టి సీసాలో నీళ్ళు సగం ఒంపింది. కీత్ సీసా అందుకుని కిటికీ వెలుగులో పట్టి చూశాడు. ముఖం చాటంత అయింది.

"బ్యూటిఫుల్! మన నీళ్ళేనా ఇవి? వొదినా, తాగొచ్చు ఇవి!"

"తాగు."

కీత్ సీసా కింద పెట్టేశాడు.

"అత్తా, చూడు. పసుపుగుడ్డ. మంచి నీళ్ళు. నేను ముట్టుకోను, నా చెయ్యి మంచిది కాదు కదా. కీత్, నువ్వు ముంచు."

"వాట్ ఈజ్ దిస్, వొదినా…"

"ముంచు. పద్నాలుగు బస్తాలు."

కీత్ గుడ్డ తీసుకుని బేసినులో ముంచాడు. వేళ్ళ సందుల్లోంచి ఎరుపు మొదలై గుడ్డంతా పాకింది. "హైబో!" అని అరిచి చేతులు వెనక్కి లాక్కున్నాడు. సూటు మీద చుక్కలు పడ్డాయి.

"అయ్యో. నీ కొడుక్కి కూడా అంటు వచ్చింది అత్తా" అంది మేవిస్ అక్క.

ఆ ఒక్కమాట కోసం ఆవిడ ఇరవై రెండేళ్ళు బతికిందేమో అనిపించింది నాకు. నేను అందుకుని సోడా గురించి, పసుపు గురించి, మిల్లు గురించి క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఇది దేవత కోపం కాదు, ఎవరి అంటూ కాదు, కాలవలోకి ఎవరో వదిలిన సోడా అని చెప్పాను. కీత్ ముఖం పాలిపోయింది. మిల్లు తన మిల్లు, మరి.

ముసలావిడ గుడ్డ వైపు చూడనే లేదు. నేను చెప్పినంతసేపూ మేవిస్ అక్క ముఖమే చూస్తోంది. నా ఉపన్యాసం అయ్యాక లేచింది. చేపల పళ్ళెంలోంచి నిమ్మచెక్క తీసి, ఎర్రగుడ్డ సగం బల్ల మీద పరిచి, దాని మీద పిండింది. పిండినంత మేరా ఎరుపు విరిగి పచ్చగా అయిపోయింది.

"పసుపులో సున్నం పడితే ఎర్రన. నిమ్మకాయి పడితే మళ్ళా పచ్చన. ఇది నా సిన్నప్పుడు మా యమ్మ నేర్పినాది. ఆరతి నీళ్ళు అలాగే కదే కలిపేది? నువ్వు తెనాలి నుంచొచ్చి నాకు సెప్పేదేటి?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నా ముఖమే మాడిపోయింది.

మేవిస్ అక్కకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆవిడ టౌన్‌లో పుట్టిన పిల్ల, వాళ్ళింట్లో ఆ హారతులూ అవీ ఎప్పుడో పోయాయి.

"నీకు తెలుసా?" అంది. "ఆ రోజే తెలుసా?"

"గుడ్డ ఎర్రన అవగానే తెలిసింది."

"తెలిసీ నన్ను…"

"కూకో" అంది అంబీ అవ్వ. మేవిస్ అక్క కూచోలేదు. ముసలావిడే కూచుంది. "ఆ ఏడు రెండు పంటలు సచ్చిపోనాయి. సిక్కుడు పోనాది, కొత్తిమీర పోనాది. తోటోళ్ళంతా మిల్లు మీద కత్తులు నూరుతున్నారు. ఎవడు వొదులుతున్నాడో తెలిస్తే అక్కడే నరికేసేవోరు. ఆ మిల్లులో కాలవకి నీళ్ళు వొదిలే గేటు తిప్పేది ఎవుడు?"

నా కళ్ళు వాటంతటవే గోడ మీది ఫొటో వైపు పోయాయి.

"ఎరాలు డూటీ దిగి సరాసరి ప్రేయర్‌కి వొచ్చినాడు. గుడ్డ సూసినాడు, నాకేసి సూసినాడు. నాను కనిపెట్టేసినాను. సోడా అని ఒక్క మాట పైకొస్తే నా కొడుకు అయిపోయేవోడు. అమ్మోరు కోపం అన్నాను, అందరూ దండం ఎట్టీసినారు. బలి ఇవ్వాలంటే ఎవుర్నివ్వాలి? కన్నోడినా, పరాయి ఇంటి పిల్లనా?"

"మా! నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు కీత్.

"నీకు సెప్తే ఊరికి సెప్పినట్టే."

మేవిస్ అక్క బల్ల అంచు పట్టుకుంది. "ఎరాల్‌కి తెలుసా? నేను ఎందుకు వెళ్ళిపోయిందో, అంతా తెలుసా?"

"తెలుసు."

"బస్ దాకా రాలేదు అతను. ఇంట్లో ఏడుస్తున్నాడు అనుకుంది నేను. ఇరవై రెండు సంవత్సరాలు అతని పేరు చెప్పి ప్రేయర్ చేసింది. పోయినాక కూడా చేసింది." ఆవిడ ఫొటో వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. అందులో ఏడుపు లేదు. ఇంతకాలం అత్త మీద పెట్టుకున్న కసి మొత్తం కొత్త చోటు వెతుక్కుంటోంది, అది నాకు కనిపించింది, భయం వేసింది.

"ఇప్పుడు తెలిసింది కదా, పోయి నీ కూతురికి సెప్పుకో" అంది ముసలావిడ. "రోజూ నాన్న ఫొటోకి దీపం ఎట్టందే కాపీ తాగదు అది. పెళ్ళికి ముందు దానికి నాన్నని కూడా తీసేయి. నీకు తల్లి మనసుంటే సెప్పలేవు."

అబ్బ, ఎంత తెలివి! నాకు ఆవిడ గొంతు పిసకాలనిపించింది, దండం పెట్టాలని కూడా అనిపించింది.

కీత్ గొంతు సవరించుకున్నాడు. "వొదినా, పది నిమిషాలు అయింది. తాళం ఇస్తే…"

"నేను పది నిమిషాలు అడిగినప్పుడు నాకు సోడా ఒక్కటే తెలుసు" అంది మేవిస్ అక్క. "ఇప్పుడు రేటు మారింది. శుక్రవారం నలుగుకి వస్తా. నువ్వే గేటు తీస్తావు. అత్తా, విను. కేలీకి నేను చెప్పను. నువ్వు చెప్తావు, నీ నోటితో. చెప్పలేదా, మొదటి పసుపు నీతోనే పెట్టిస్తా. నీళ్ళు నేనే తెస్తా. ఇలాగే తేటగా ఉంటాయి. రెండొందలమంది చూస్తుంటే నీ చెయ్యి పచ్చగా ఉంటుందో ఎర్రగా అవుద్దో నీకు తెలీదు. అప్పుడు నీ నిమ్మకాయ తెచ్చుకో, చూద్దాం."

అంబీ అవ్వ చేతులు చీరకి తుడుచుకుంది. నిమ్మరసం ఎప్పుడో ఆరిపోయింది, అయినా తుడుస్తూనే ఉంది. మేవిస్ అక్క కోరుకున్న ముఖం అదే అనుకుంటా. కానీ ఆవిడ దాన్ని తనివితీరా చూసుకునేలోపే బయట కారు ఆగింది. తలుపు తోసుకుని ఒక పిల్ల లోపలికి వచ్చింది, చేతినిండా గాజుల డబ్బాలతో.

"అవ్వా, లుక్! ఆకుపచ్చవి దొరికాయి!" అని, కొత్తవాళ్ళని చూసి ఆగింది. "ఓ, సారీ. హలో ఆంటీ."

ఆ హలో ఆంటీ మేవిస్ అక్కతోనే. గడ్డం దగ్గర నుంచి నవ్వు దాకా అచ్చం ఆవిడే, నాకే తెలిసిపోయింది. మేవిస్ అక్క చెయ్యి గాల్లోకి సగం లేచి అక్కడే ఆగిపోయింది.

కేలీ బల్ల మీది గుడ్డ చూసి నవ్వింది. "ఏంటిది, పసుపు ఇప్పుడే మొదలెట్టారా? అవ్వా, ఈ ఆంటీ ఎవరు?"

ముసలావిడ ఎంతసేపు ఆలోచించిందో నాకు తెలీదు. నేను ఊపిరి ఒకసారి పీల్చి వదిలేలోపే తేల్చేసుకుంది. గుడ్డలో పచ్చబడిన సగాన్ని లోపలికి మడిచింది. ఎర్రసగం పైకెత్తి మనవరాలికి చూపించింది.

"మీ యమ్మ" అంది. "ఇన్నేళ్ళకి వొచ్చినాది. నీ పెళ్ళి పసుపు ముట్టుకున్నాది. సూడు, మళ్ళా ఎర్రనయిపోనాది."

కేలీ చేతిలో డబ్బా జారి గాజులు నేల మీద పడి పగిలాయి. గాజులు పగలడం పెళ్ళింట్లో ఎంత అపశకునమో నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్ల వాటిని చూసింది, గుడ్డని చూసింది, తల్లిని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇరవై రెండేళ్ళ కిందట నలభైమంది వేసిన అడుగు అదే అయి ఉంటుంది.

"అబద్ధం!" అన్నాను నేను. "కేలీ, ఆ గుడ్డ ముంచింది మీ అమ్మ కాదు."

"మీరెవరు?" అంది కేలీ.

నేనెవర్ని? మిల్లు నుంచి వాళ్ళమ్మ వెంట వచ్చిన పరాయి మనిషిని. నా మాట ఎవరికి కావాలి? ఆ గదిలో ఆ పిల్ల నమ్మే మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. గుడ్డ ముంచినవాడు. సూటు మీద ఎర్రచుక్కలు ఇంకా తడారనివాడు. నిజం చెబితే మిల్లు తప్పు ఒప్పుకోవాలి, అన్న తప్పు ఒప్పుకోవాలి, తల్లిని అబద్ధాలకోరు అనాలి. చెప్పకపోతే గురువారం బొగ్గు లేదు, సంతకం లేదు, వాటా లేదు.

కీత్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మేవిస్ అక్క ఏడవలేదు. చేతిసంచిలోంచి తాళంచెవి తీసి, బల్ల మీద కీత్ చేతికి అందేలా పెట్టింది.

"తీసుకో. ఫ్రీ" అంది. "బొగ్గు కోసం నువ్వు నిజం చెప్పింది అని రేపు ఎవరూ అనకూడదు. ఆ రోజు మీ అన్న తల దించుకున్నాడు కీత్. ఇప్పుడు కేలీ నిన్ను చూస్తోంది."